కూలిన విమానం ముక్కలతో ఇంకో విమానం కట్టి ఎగరొచ్చా? ఒక పాత ప్యాకెట్ విమానాల మెకానిక్ జవాబు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. 1965లో వచ్చిన 'ది ఫ్లైట్ ఆఫ్ ది ఫీనిక్స్' మీరూ నాన్నగారూ కలిసి చూశారు. సహారా ఎడారిలో రెండింజన్ల సరుకు విమానం కూలుతుంది. బతికినవాళ్లు పనికొచ్చే ముక్కలు ఏరి, ఒక ఇంజిన్‌తో చిన్న విమానం కట్టి, రెక్కల మీద బోర్లా పడుకుని బయటపడతారు. డిజైన్ గీసిన డార్ఫ్‌మన్ బొమ్మ విమానాల కంపెనీ మనిషని మధ్యలో బయటపడుతుంది. ఇదంతా సినిమావాళ్ల కోతలని, బొమ్మ విమానాలవాడికి పెద్ద విమానం ఏం తెలుస్తుందని నాన్నగారు, చేస్తే అవుతుందని మీరు. పందెం కూడా కాశారట. తీర్పు చెప్పమన్నారు.

ముందే చెప్పేస్తాను. అలాంటిది ఎగరడం సాధ్యమే. ఎడారిలో కట్టడం దాదాపు అసాధ్యం. కట్టడం పూర్తయ్యేదాకా మనుషులు పనిచేసే స్థితిలో ఉండటం ఇంకా కష్టం. బొమ్మ విమానాలవాడి విషయంలో మాత్రం నాన్నగారిదే తప్పు.

నాకేం తెలుసని అడుగుతారేమో. నేను ఎయిర్‌ఫోర్స్‌లో ఇంజిన్ ఫిట్టర్‌ని. 1970లలో కొన్నేళ్లు ఆగ్రాలో ప్యాకెట్ల మీద పనిచేశాను. సినిమాలో కూలేది ఫెయిర్‌చైల్డ్ సి-82 ప్యాకెట్. మన దగ్గర ఉన్నవి దాని తమ్ముడి వరస, సి-119లు. కాగితాల మీద ఏం రాసినా అందరం ప్యాకెట్ అనే పిలిచేవాళ్లం. మధ్యలో పెద్ద పెట్టెలాంటి ఒళ్లు, అటూ ఇటూ ఇంజిన్ల వెనక నుంచి తోకదాకా సాగే రెండు పొడుగాటి గొట్టాలు, వాటినే బూమ్‌లంటారు. 1962 జూలైలో స్క్వాడ్రన్ లీడర్ సి.కె.ఎస్. రాజే లడఖ్‌లోని దౌలత్ బేగ్ ఓల్డీలో, పదహారు వేల అడుగుల పైన ఉన్న నేల మీద దింపింది ఈ ప్యాకెట్‌నే. తర్వాత దాని నెత్తిన ఒక ఆర్ఫియస్ జెట్ ఇంజిన్ కూడా కూర్చోబెట్టారు, కొండల్లో బలం చాలదని. అప్పటికే ముసలిదైన విమానం మీద అన్ని ప్రయోగాలు చూసినవాణ్ని కాబట్టి, సినిమా మొదటిసారి చూసినప్పుడు ఆ ఇసుకలో పడున్నది మా ఇంటి మనిషే అనిపించింది.

సరే, ఎగరడం ఎందుకు సాధ్యమో చూద్దాం.

సినిమాలో డార్ఫ్‌మన్ ప్లాన్ తెలివైనది. ఎడమ ఇంజిన్, దాని వెనక ఎడమ బూమ్ మిగిలాయి. దానికి ఎడమ రెక్క బయటి భాగం ఎలాగూ ఉంది. కుడి రెక్క బయటి భాగం ఊడదీసి తెచ్చి, ఎడమ బూమ్‌కి రెండో పక్కన తగిలిస్తే ఒక ఇంజిన్, రెండు రెక్కలు, ఒక తోక. ప్యాకెట్ రెండు బూమ్‌ల విమానం కాబట్టే ఈ ఆలోచన కుదిరింది. మామూలు విమానంలో ఒళ్లు విరిగితే తోక పోయినట్టే. ఇక్కడ ఒళ్లు అవతల పారేసినా తోకని మోసే గొట్టం వేరుగా ఉంది. కథ రాసినవాడు విమానం ఊరికే ఎంచుకోలేదు.

బలం సంగతి. సి-82కి రెండు ఆర్-2800 ఇంజిన్లు, ఒక్కోటి 2,100 హార్స్‌పవర్. ఆ రెండూ కలిసి ఇరవై టన్నుల పైచిలుకు బరువుని లేపేవి. పెట్టెలాంటి ఒళ్లు, సరుకు, చక్రాలు, రెండో ఇంజిన్, రెండో బూమ్ అన్నీ వదిలేస్తే, ఒక్క ఇంజిన్‌కి ఆ మిగిలిన బరువు లెక్కలోది కాదు. ఎగిరే బలం ఉంది. చిక్కు సీజీతో. సీజీ అంటే బరువంతా ఎక్కడ తూగుతుందో ఆ చోటు. ముందు టన్ను పైన బరువున్న ఇంజిన్, వెనక పొడుగాటి బూమ్, మధ్యలో పడుకున్న మనుషులు. వీటిలో అటూ ఇటూ జరపగలిగింది మనుషుల్నే. ఎవరు ఎక్కడ పడుకోవాలో సరిగ్గా చెప్పగలిగితే తూకం తెచ్చుకోవచ్చు. ఎత్తుకి ఎగరక్కర్లేదు, మలుపులు కొట్టక్కర్లేదు. తిన్నగా, నేలకి దగ్గరగా పోతే చాలు.

ఇప్పుడు కట్టడం. అసలు రోగం రెక్క అతుకు దగ్గర.

కుడి రెక్క మొదలు కుడి ఇంజిన్ బయటి పక్కకి అతకడానికి తయారైంది. దాన్ని తెచ్చి ఎడమ ఇంజిన్ లోపలి పక్కకి పెట్టాలి. ప్యాకెట్ రెక్క తిన్నగా ఉండదు. ఒంటి నుంచి ఇంజిన్ దాకా కిందికి వాలి, అక్కణ్నుంచి పైకి లేస్తుంది. అంటే అతుకు కోణమే వేరు. బోల్టు కంతలు ఎదురెదురుగా రావు. కొత్త కంతలు తొలవాలి, మధ్యలో దిట్టమైన ప్లేట్లు వెయ్యాలి, ఆ ప్లేట్లు ఎక్కణ్నుంచి తెస్తారు? ఎగిరేటప్పుడు విమానం బరువంతా మోసేది ఆ అతుకే. సినిమాలో రెక్కని మనుషులు భుజాల మీద, తాళ్లతో లాక్కొచ్చి నిలబెట్టే దృశ్యం చాలా బావుంది, చెమట కనిపిస్తుంది. కానీ నిలబెట్టాక అతుకు పని మీద కెమెరా ఎక్కువసేపు నిలవదు. నిలిస్తే కథ అక్కడే ఆగిపోతుంది.

నా అనుభవం ఒకటి చెబుతాను. ఓసారి మాకు అర్జెంటుగా ఇంజిన్ మీద కప్పే కౌలింగ్ ప్యానెల్ ఒకటి కావాల్సొచ్చింది. స్టోర్స్‌లో లేదు. పక్కన రిపేరుకి నిలబెట్టిన ఇంకో ప్యాకెట్ ఉంది. దాని నుంచి ఊడదీశాం. అదే కంపెనీ, అదే పార్టు నంబరు, అదే పక్క. తెచ్చి పెడితే కంతల్లో సగమే కూర్చున్నాయి. మిగతా సగం బెత్తెడు దూరంలో లేవుగానీ, బోల్టు దూరనంత తేడా. ఆ రోజుల్లో విమానాలని ఫ్యాక్టరీలో చేత్తో సరిచేసి బిగించేవాళ్లు. ప్రతి విమానానికీ దాని కొలత దానిదే. మధ్యాహ్నం మొదలుపెడితే రాత్రి భోజనాల వేళ దాటింది. అది గాలికి అడ్డం పెట్టే రేకు మాత్రమే. రెక్క కాదు. మాకు కరెంటు డ్రిల్లు, దీపాలు, టీ, చపాతీలు అన్నీ ఉన్నాయి.

అలాగని ఒక విమానం రెక్క ఇంకోదానికి పెట్టి ఎగరడం చరిత్రలో లేదా అంటే, ఉంది. 1941 మేలో చైనాలోని సుయిఫులో జపాన్ బాంబులకి డీసీ-3 అనే రకం విమానం ఒకదాని కుడి రెక్క నాశనమైంది. వేరే డీసీ-3 రెక్క దొరకలేదు. హాంకాంగ్‌లో పాత డీసీ-2 రెక్క ఒకటి ఉంది, అయిదడుగులు పొట్టిది. దాన్ని ఇంకో విమానం పొట్ట కింద కట్టి సుయిఫుకి మోసుకెళ్లి బిగించారు. ఒక రెక్క పొడుగు, ఒక రెక్క పొట్టి. అది అలాగే హాంకాంగ్ దాకా ఎగిరింది. దానికి డీసీ-టూ-అండ్-హాఫ్ అని పేరు పడిపోయింది. మీ పందెంలో మీ వైపు పెద్ద సాక్ష్యం ఇదే. అయితే డీసీ-3 పుట్టిందే డీసీ-2 నుంచి, అతుకు ఒకే తీరు. పైగా నేల మీద తిండీ నీళ్లూ, పనిముట్లూ, తెలిసిన మెకానిక్‌లూ ఉన్నారు.

సినిమాలో మనకి ఎగురుతూ కనిపించే ఫీనిక్స్ సంగతి కూడా చెప్పాలి, చాలామందికి తెలీదు. అది నిజంగా ప్యాకెట్ ముక్కలతో చేసింది కాదు. టాల్‌మాంట్జ్ ఏవియేషన్ అనే సంస్థ సినిమా కోసం విడిగా కట్టించింది. ఓటో టిమ్ డిజైన్. బీచ్‌క్రాఫ్ట్ సి-45 రెక్కలు, టి-6 టెక్సన్ ఇంజిన్, కొత్తగా చేసిన ఒళ్లు. రెక్కల మీద మనుషులు బొమ్మలు. అది ఎగిరింది. అంటే ఆ ఆకారం గాల్లో నిలుస్తుందని రుజువైంది. కానీ 1965 జూలై 8న, కాలిఫోర్నియా, అరిజోనా సరిహద్దులో యూమా దగ్గరి ఇసుక తిన్నెల్లో, నేలని తాకి మళ్లీ లేచే దృశ్యం తీస్తుండగా, చిన్న మెరక తగిలి ఒళ్లు విరిగింది. నడుపుతున్న పాల్ మాంట్జ్ చనిపోయాడు. హాలీవుడ్‌లో అంతటి స్టంట్ పైలట్ లేడని పేరున్న మనిషి. వెనక నిలబడ్డ స్టంట్‌మన్ బాబీ రోజ్‌కి తీవ్ర గాయాలయ్యాయి. నిజానికి ఆ పని మాంట్జ్ భాగస్వామి ఫ్రాంక్ టాల్‌మన్ చెయ్యాల్సింది, కాలికి దెబ్బ తగిలి ఆగిపోయాడు. మిగిలిన షాట్లు వేరే పాత విమానం, ఓ-47, తెచ్చి పూర్తిచేశారు. సినిమా చివర్లో మాంట్జ్‌కి నివాళి వేస్తారు. చాలామంది అప్పటికి టీవీ కట్టేస్తారు, ఈసారి కట్టకండి.

ఇది గుర్తుపెట్టుకోండి. హాయిగా వర్క్‌షాపులో, తెలిసినవాళ్లు కట్టిన ఫీనిక్సే నేల తగిలితే తట్టుకోలేదు.

ఇక బొమ్మ విమానాలవాడు. డార్ఫ్‌మన్ చేసేది మోడళ్లని తెలిసినప్పుడు విమానం నడిపిన కెప్టెన్ టౌన్స్ ముఖం పాలిపోతుంది, నావిగేటర్ మోరాన్ పిచ్చెత్తినట్టు నవ్వుతాడు. చూసేవాళ్లం మనం కూడా నవ్వుతాం. డార్ఫ్‌మన్ మాత్రం కించిత్ సిగ్గుపడడు. సూత్రం ఒకటేనంటాడు. పైగా మోడల్‌లో పైలట్ ఉండడు కాబట్టి దాన్ని ఇంకా కచ్చితంగా చెయ్యాలంటాడు. ఈ మాట నూటికి నూరుపాళ్లు నిజం.

రిటైరయ్యాక కొన్నాళ్లు ఎన్‌సీసీ పిల్లలకి బాల్సా కర్ర గ్లైడర్లు చెయ్యడం నేర్పాను. పెద్ద విమానంలో ఏదైనా తేడా ఉంటే పైలట్ పెడల్ తొక్కి, యోక్ లాగి సర్దుకుంటాడు. గ్లైడర్‌లో సర్దేవాడు లేడు. ముక్కు మీద ఒక పిన్నీసు బరువు తక్కువైతే పైకెగిరి వెనక్కి జారి నేల కరుస్తుంది. ఎక్కువైతే ముక్కు పొడుచుకుంటుంది. రెక్కలు కాస్త పైకి వంచకపోతే ఒక పక్కకి దొర్లిపోతుంది. ఒక పిల్లాడు రెక్క ఒక పక్క ఇసుక కాగితం ఎక్కువ రుద్దాడు, కంటికి కనిపించని తేడా. అది ప్రతిసారీ ఎడమకే తిరిగేది. వాడు మూడు రోజులు కష్టపడి కనిపెట్టాడు. అలాంటి పిల్లాడు గీసిన విమానం అని చెప్తే నేను ఎక్కడానికి సిద్ధమే. కట్టింది ఎవరని మాత్రం అడుగుతాను. డార్ఫ్‌మన్ లెక్క సరే, రెక్క అతుకులో బోల్టు బిగించినవాడు ఆయిల్ కంపెనీలో లెక్కలు రాసే గుమాస్తా!

సినిమాలో నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం ఇంజిన్ స్టార్ట్ చేసేది. ఇక్కడ ఏమాత్రం కోత లేదు. స్టార్టర్‌కి మందుగుండు కార్ట్రిడ్జ్‌లు ఏడే ఉంటాయి. తుపాకీ తూటాలాంటివి, పేలితే వచ్చే గ్యాస్ ఇంజిన్‌ని తిప్పుతుంది. మా ప్యాకెట్లకి కరెంటు స్టార్టర్. కానీ అప్పటి మన కెన్‌బెర్రా బాంబర్లు కార్ట్రిడ్జ్‌తో స్టార్ట్ అయ్యేవి. ఢాం అని శబ్దం, నల్లటి పొగ, పక్కన కొత్తవాడుంటే ఇంజిన్ పేలిందని పరిగెత్తేవాడు.

సినిమాలో నాలుగు కాల్చినా ఇంజిన్ పట్టుకోదు. మూడే మిగిలాయి. అప్పుడు టౌన్స్ మ్యాగ్నెటోలు కట్టేసి, అంటే కావాలనే నిప్పు లేకుండా, ఒకటి కాలుస్తానంటాడు. డార్ఫ్‌మన్ గొంతు చించుకుని అరుస్తాడు. ఉన్నవే మూడు, అందులో ఒకటి చేతులారా పారేస్తున్నావని. చూసే మామూలు మనిషికి కూడా డార్ఫ్‌మన్ మాటే న్యాయం అనిపిస్తుంది. కానీ టౌన్స్‌ది కరెక్టు. స్టార్ట్ కాని ప్రతిసారీ సిలిండర్లలో పెట్రోలు తడి పేరుకుంటుంది. స్పార్క్ ప్లగ్‌లు తడిసిపోతే ఇక ఎన్ని కాల్చినా పొగే. నిప్పు తీసేసి ఒకసారి ఊరికే తిప్పితే లోపల పేరుకున్నది బయటికి ఊడ్చుకుపోతుంది. పాత స్కూటర్ ఓవర్‌ఫ్లో అయితే తాళం ఆపి, ఆక్సిలేటర్ పూర్తిగా తిప్పి నాలుగు కిక్కులు కొట్టేవాళ్లం గుర్తుందా? నాన్నగారిని అడగండి. అదే ఇది.

గుండ్రటి రేడియల్ ఇంజిన్ల దగ్గర దీనికన్నా భయంకరమైనది ఇంకోటుంది. రాత్రంతా నిలబడితే ఆయిల్ మెల్లగా జారి కింది సిలిండర్లలో చేరుతుంది. అలాగే స్టార్టర్ వేస్తే, పిస్టన్ పైకొచ్చి ఆయిల్‌ని నొక్కుతుంది. ఆయిల్ నలగదు కదా, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. అందుకే పొద్దున్నే స్టార్ట్ చేసే ముందు ఇద్దరు ముగ్గురం ప్రొపెల్లర్ రెక్కల్ని చేత్తో పట్టి, లెక్కపెట్టి తిప్పేవాళ్లం. డిసెంబరు చలిలో ఓ రోజు సగంలో బిగుసుకుంది. నేను కుర్రాణ్ని, ఇంకాస్త బలంగా నెట్టబోయాను. మా కార్పొరల్ చెయ్యి మీద చాచి ఒక్కటిచ్చాడు. కింది ప్లగ్‌లు విప్పితే ఒక మగ్గు ఆయిల్ కారింది. ఆ దెబ్బ ఇప్పటికీ మంచి మాటగానే గుర్తుంది. ఎడారిలో రెండు వారాలు కదలకుండా ఉన్న ఇంజిన్‌ని నేనైతే ముందు చేత్తో తిప్పించేవాణ్ని, తెల్లవారకముందు చల్లటి గాలి ఉన్నప్పుడే స్టార్ట్ చేసేవాణ్ని. చల్లటి గాలి చిక్కగా ఉంటుంది, రెక్కకి పట్టు దొరుకుతుంది.

టౌన్స్ వేషం వేసిన జేమ్స్ స్టూవర్ట్ రెండో ప్రపంచ యుద్ధంలో నిజంగా బాంబర్ పైలట్, ఎయిర్‌ఫోర్స్ రిజర్వ్‌లో బ్రిగేడియర్ జనరల్ దాకా వెళ్లాడు. ఆ సీన్లో ఆయన చేతులు అబద్ధం ఆడవు.

ఆ దృశ్యం నాకు ఇంకో కారణానికి కూడా ఇష్టం. మా యూనిట్‌లో ఒకప్పుడు కొత్తగా వచ్చిన ఇంజినీరింగ్ ఆఫీసరుగారూ, ఇరవై ఏళ్ల సర్వీసున్న మా చీఫూ ఒక ఇంజిన్ వణుకు గురించి పంతం పట్టారు. ఆఫీసరుగారు మాన్యువల్ తెరిచి లెక్క చూపిస్తే, చీఫ్ చెయ్యి కౌలింగ్ మీద పెట్టి "ఇది అది కాదు సార్" అనేవాడు. రెండు రోజులు ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. ఆయన మాట ఈయనకి, ఈయన మాట ఆయనకి మోసింది నేను, మధ్యలో కాస్త పంచదార కలిపి. చివరికి ఇద్దరూ సగం సగం రైటు. సినిమాలో అటెన్‌బరో వేసిన మోరాన్ చేసేది అచ్చంగా ఈ పని. మొండి పైలట్‌కీ, మొండి డిజైనర్‌కీ మధ్య వార్తలు మోస్తాడు, ఇద్దరి చేతా తిట్లు తింటాడు. తాగుడు అలవాటున్న నావిగేటర్ అని అతన్ని ఎవరూ లెక్కచెయ్యరు. నా మటుకు ఆ విమానం కట్టింది మోరానే.

నీళ్ల సంగతి, నడక సంగతి. సినిమాలో ఖర్జూరం బోలెడుంది, నీళ్లే పది పన్నెండు రోజులకి మించి రావు. అది కూడా కదలకుండా కూర్చుంటే. రాత్రిళ్లు రెక్కలు మోసే పని చేస్తే చెమటకే సరిపోవు. నేను పందెం కాస్తే విమానం మీద కాదు, నీళ్ల మీద కాస్తాను, వాళ్లు ఓడిపోయేది అక్కడేనని. డార్ఫ్‌మన్ నీళ్లు దొంగిలించి, ఎక్కువ పనిచేశాను కాబట్టి తాగాను అంటాడు చూడండి, లెక్క ప్రకారం తప్పు కాదు, మనిషి ప్రకారం చాలా తప్పు.

మరి నడిచి వెళ్లొచ్చు కదా అని మీరు రాశారు. సినిమాలో నడిచివెళ్లిన కెప్టెన్ హారిస్ ఎలా తిరిగొచ్చాడో చూశారుగా. అదే సహారాలో, లిబియా వైపు నిజంగా జరిగింది వినండి. 1943 ఏప్రిల్ 4న 'లేడీ బి గుడ్' అనే అమెరికన్ బి-24 బాంబర్ ఇటలీలోని నేపుల్స్ మీదికి వెళ్లి, బెంగాజీ దగ్గరున్న స్థావరానికి తిరిగొస్తూ రాత్రి చీకట్లో దాన్ని దాటిపోయింది. ఇంధనం అయిపోతుంటే తొమ్మిదిమంది పారాచూట్లతో దూకారు. ఒకరి పారాచూట్ విప్పుకోలేదు. మిగిలిన ఎనిమిదిమంది సముద్రం దగ్గరలోనే ఉందనుకుని, ఒక్క క్యాంటీన్‌లోని నీళ్లతో ఉత్తరానికి నడిచారు. సముద్రం వందల మైళ్ల దూరంలో ఉంది. ఎనిమిది రోజులు నడిచి, ఒక్కరు మిగల్లేదు. వాళ్లలో ఒకరి డైరీ దొరికింది. విమానం మాత్రం ఎవరూ లేకుండానే ఇంకాస్త దక్షిణాన ఇసుక మీద పొట్టతో దిగింది. 1958లో నూనె కోసం వెతికే బృందం గాల్లోంచి చూసింది, మరుసటి ఏడాది చేరుకుంది. లోపల నీళ్లున్నాయి, రేడియో పనిచేసింది.

మాకు చెప్పే సర్వైవల్ పాఠంలో మొదటి మాట అందుకే విమానాన్ని వదలొద్దని. నీడ, రేకు, అద్దం, నూనె, బ్యాటరీ అన్నీ అక్కడే. పైనుంచి కనిపించేది కూడా అదే. మినహాయింపు లేకపోలేదు. 1972 అక్టోబరులో ఆండీస్ మంచులో కూలిన ఉరుగ్వే విమానంలో 45 మందికి 16 మంది బతికారు, 72 రోజులకి. వాళ్లు తోక ముక్కలో దొరికిన బ్యాటరీలతో రేడియో బతికించాలని చూశారు, బ్యాటరీ కరెంటు, రేడియో కరెంటు వేరువేరు రకాలు కావడంతో కుదర్లేదు. చివరికి ఇద్దరు, పరాడో, కనెస్సా, తోకలోని ఇన్సులేషన్ గుడ్డతో నిద్రసంచి కుట్టుకుని పది రోజులు నడిచి సాయం తెచ్చారు. అక్కడ మంచు ఉంది, కరిగిస్తే నీళ్లు. సహారాలో అది లేదు.

ఇక మీ పందెం. "ఎగురుతుందా" అన్నది పందెమైతే మీరు గెలిచారు. "ఆ మనుషులు, ఆ నీళ్లతో, ఆ చోట కట్టి ఎగరగలరా" అన్నదైతే నాన్నగారు గెలిచారు. మీరు రాసినదాన్ని బట్టి ఆయన అడిగింది రెండోదే. డబ్బులు ఇచ్చేయండి. ఆ తర్వాత, బొమ్మ విమానాలవాణ్ని తీసిపారేసినందుకు సగం వెనక్కి అడగండి.

2004లో ఇదే కథని గోబీ ఎడారిలో పెట్టి మళ్లీ తీశారు. అందులో కూలేది మా సి-119. విమానం కోసం చూశాను, నాకు విమానమే నచ్చింది. మీరు చూడాలనుకుంటే పాతది ఇంకోసారి చూడండి, ఈసారి కార్ట్రిడ్జ్‌లు లెక్కపెట్టుకుంటూ. ఒకటి మిగులుతుంది.